రెండు లక్షలు తిరిగిన కారు కొనొచ్చా?

పోయిన నెలలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నార్సింగిలో రెండు ఇన్నోవాలు చూశాను. రెండూ 2013 మోడలే. ఒకటి 90 వేల కిలోమీటర్లు తిరిగిందట. ఇంకోటి రెండు లక్షల నలభై వేలు, పైగా ఇంజన్ పని చేయించారట. మొదటిదానికి లక్ష ఎక్కువ అడుగుతున్నారు. ఇచ్చేద్దామా?"

ఊర్నుంచి అమ్మానాన్నల్ని తెచ్చుకుంటున్నాడు. ఇంట్లో ఆరుగురవుతారు. చేతిలో ఉన్నది చీటీ పాడిన డబ్బు.

'ఇంజన్ పని' అనే మాట వింటే నాకు భయం. ఎనిమిదేళ్ల కిందట "ఇంజన్ మొత్తం కొత్తది సార్" అంటే నమ్మి ఓ డీజిల్ కారు కొన్నాను. నాలుగు నెలలకే ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే, అరిగిన బోరులోనే కొత్త రింగులు తొడిగి అంటగట్టారు. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

అందుకే ఈసారి తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లాం. మేమొచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాం. అయినా 90 వేల బండి బానెట్ మీద చెయ్యి పెట్టగానే ఆయన నవ్వాడు. వెచ్చగా ఉంది! చల్లటి ఇంజన్ స్టార్టయ్యేటప్పుడు వచ్చే పొగ, చప్పుడు మన కంట పడకుండా ముందే వేడి చేసి ఉంచారన్నమాట. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ. "బ్యాక్ కంప్రెషన్ సార్, రింగులు పోయినయి" అన్నాడు. సిలిండర్లో మండిన గ్యాస్ పిస్టన్ పక్కనుంచి కిందికి దిగిపోతోందని అర్థం. సైలెన్సర్ నుంచి నీలం పొగ కూడా వచ్చింది. అది ఆయిల్ మండుతున్న గుర్తు.

పన్నెండేళ్లలో 90 వేలంటే రోజుకు 20 కిలోమీటర్లు. కుటుంబం వాడే బండికి అది మామూలే. కానీ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయింది. మీటరు తిప్పేసినవాళ్లు పెడల్ సంగతి మర్చిపోయినట్టున్నారు.

అసలు మీటరు నిజమే చెప్పినా సగమే చెబుతుంది. సాయంత్రం పూట గచ్చిబౌలి ట్రాఫిక్‌లో బండి కదలదు కాబట్టి మీటరూ కదలదు. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అదే ఔటర్ మీద ఒకే వేగంతో పోయిన వంద కిలోమీటర్లు ఇంజన్‌కి అంత భారం కాదు. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే ఆయన 1966 మోడల్ వోల్వోని 2013కల్లా 30 లక్షల మైళ్లు నడిపి గిన్నిస్‌కెక్కాడు. ఎక్కువగా హైవేల మీదే. ఆయనకీ మధ్యలో ఇంజన్ విప్పించక తప్పలేదు.

రెండో బండి ఓనర్ తరచూ విజయవాడ వెళ్లొచ్చే మనిషి. ఫైలు ముందు పెట్టాడు. రేడియేటర్ పైపు పగిలి ఇంజన్ వేడెక్కిపోతే రెండు లక్షల పదివేల దగ్గర విప్పించారట. మెకానిక్ బిల్లులు ఒక్కొక్కటీ చదివాడు: లేత్ షాపులో బోరింగ్, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు, బేరింగులు, హెడ్ ఫేసింగ్, టైమింగ్ బెల్టు. చివర్లో ఆయన వెతికింది కొత్త రేడియేటర్ బిల్లు. అదీ ఉంది. ఇంజన్ ఎందుకు విప్పారో, ఆ కారణాన్ని బాగుచేశారో లేదో తెలియకపోతే మిగతా బిల్లులెన్ని ఉన్నా లాభం లేదట. ఆ పని తర్వాత 30 వేలు తిరిగింది. లోపం ఉంటే ఈపాటికి బయటపడేదన్నాడు. చల్లటి ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఆయిల్ మూత తీస్తే పొగ లేదు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఆర్‌సీ గడువు 15 ఏళ్లు కదా, 2028లో అయిపోతుంది. పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఆ మాట మీదే బేరమాడి 40 వేలు తగ్గించుకున్నాం.

బావమరిది ఇప్పుడు ఆదివారం పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మరీ ఆయిల్ చూస్తున్నాడు. కిటికీ పక్క సీటు కోసం తాతామనవళ్లకి రోజూ పేచీయే.