చైమ్ ఇన్ అంటే వంత పాడటమా?

శ్రుతి కలిసిన గంటలు వరుసగా మోగితే ఇంగ్లిష్‌లో చైమ్. లండన్‌లో బిగ్ బెన్ ఉన్న గడియార స్తంభం పావుగంటకోసారి వినిపించేది ఇదే. (ఒకే గంట ఆగి ఆగి మోగితే టోల్. అది ఎక్కువగా చావు కబురు.) చైమ్‌కి మూలం లాటిన్‌లో 'సింబలమ్', మన భజన తాళాల్లాంటిదన్నమాట. అందుకే 'చైమ్ విత్' అంటే ఏకీభవించడం.

'చైమ్ ఇన్' మాత్రం మనం ఆఫీసులో రోజూ వినేదే: మాటల మధ్యలో మనమూ గొంతు కలపడం. ఒప్పుకుంటూనే కలపాలని రూలేం లేదు. కానీ మా టీమ్‌లో చాలామందికి అదంటే వంత పాడటమే. 'ప్లస్ వన్' అనేసి మ్యూట్‌లోకి వెళ్లిపోతారు.

మొన్న రిలీజ్ కాల్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మెల్లగా అడిగింది, "పాత ఫోన్లలో యాప్ ఓపెన్ అవుతుందా అండీ?" అని. కాసేపు అందరూ సైలెంట్. రిలీజ్ రెండు రోజులు ఆగింది.