పిల్లి నోరు చూశారా?

ప్రశ్న: మా పిల్లికి పదకొండేళ్ళు. ఏడాదిగా చక్కెర వ్యాధి ఉంది. పూటకు 2 యూనిట్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఇస్తున్నాము. మొన్నటిదాకా అదుపులోనే ఉండేది. నెల రోజులుగా ఎప్పుడు పరీక్షించినా చక్కెర 350కి తగ్గడం లేదు. నీళ్ళు తెగ తాగుతోంది, చిక్కిపోతోంది. ఆకలిగా గిన్నె దగ్గరకు వస్తుంది గాని, రెండు ముద్దలు తిని తల విదిలించి వెళ్ళిపోతుంది. నోరు దుర్వాసన వేస్తోంది. ఇన్సులిన్ 3 యూనిట్లకు పెంచవచ్చునా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీ అంతట మీరు పెంచవద్దు. ఆకలి ఉండీ తినలేకపోవడం, నోటి దుర్వాసన — ఈ రెండూ పంటి జబ్బు లక్షణాలు. చిగుళ్ళు ఎర్రగా వాచాయా, పళ్ళకు గార పట్టిందా, ఏదైనా పన్ను కదులుతోందా అన్నది పశువైద్యుని చేత చూపించండి.

పంటికీ చక్కెరకూ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. చిగుళ్ళలో చీము పట్టినప్పుడు దానితో పోరాడడానికి శరీరం కొన్ని పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. నొప్పి వల్ల కార్టిసాల్ వంటి హార్మోన్లు కూడా పెరుగుతాయి. ఇవన్నీ ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందుకే నిన్న చాలిన మోతాదు ఇవాళ చాలదు. చక్కెర పెరిగిన కొద్దీ చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. అది ముదిరిన కొద్దీ చక్కెర పెరుగుతుంది.

పరీక్ష చేసి, అవసరమైతే ఎక్స్‌రే తీసి, మత్తు ఇచ్చి పళ్ళు శుభ్రం చేస్తారు. చెడిన పళ్ళు తీసివేస్తారు. చక్కెర వ్యాధి ఉన్నా, తగిన జాగ్రత్తలతో మత్తు ఇవ్వవచ్చు. ఆ రోజు ఆహారం, ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో ముందే అడిగి తెలుసుకోండి. మూత్రంలో చీము, పాడైన ఇన్సులిన్ వంటి కారణాలు కూడా ఉండవచ్చు కనుక వాటినీ చూడమనండి. నోటి పుండ్లకు స్టెరాయిడ్ మందులు వాడితే చక్కెర ఇంకా పెరుగుతుంది. ఈ వ్యాధి సంగతి తప్పక చెప్పండి.

నోరు బాగుపడ్డాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. అడ్డు తొలగితే పాత మోతాదే ఎక్కువ కావచ్చు. కొన్ని వారాలపాటు చక్కెరను తరచు పరీక్షిస్తూ, డాక్టరు చెప్పినట్లు మోతాదు మార్చండి. పిల్లి తూలినా, వణికినా చక్కెర పడిపోయిందేమోనని అనుమానించి, చిగుళ్ళకు కాస్త తేనె రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈలోగా మెత్తని ఆహారం పెట్టండి. ఒక పూట బొత్తిగా తినకపోతే, ఇన్సులిన్ ఇచ్చే ముందే డాక్టరును అడగండి. రోజంతా తినకపోయినా, వాంతులు, నీరసం కనిపించినా ఆలస్యం చేయవద్దు. నొప్పి అని పారాసిటమాల్ మాత్రం వేయకండి. పిల్లులకు అది ప్రాణాంతకం.

పుండ్లు మానిన తరువాత, పిల్లులకోసం తయారుచేసిన పేస్టుతోనే రోజూ పళ్ళు తోమండి. మనం వాడే పేస్టు పనికిరాదు.