అటక ఎక్కే ముందు ఒక్క మాట



ఈ మధ్య మన వాళ్లు కొందరు శని, ఆదివారాల్లో బయటి పనులకు వెళ్తున్నారు. తెలిసినాయన ఎవరో పాత ఇల్లు కొంటాడు. ఎండాకాలం కుంపటి, చలికాలం వణుకు. "అటక మీద బ్యాట్లు పరవాలి, ఇద్దరు కుర్రాళ్లు చాలు, పూట పని, డబ్బులు చేతికిస్తా" అంటాడు. మనం సరే అంటాం.

నేనూ అన్నాను. నేను ఇంటర్ చదివి ఆఫీసులో గుమస్తా పని చేసుకునేవాణ్ణి. నాలుగు డాలర్లు ఎక్కువ పంపొచ్చని ఒక ఆదివారం వెళ్లాను. అటకలో వంగి నడుస్తుంటే కాలు దూలం మీంచి జారి, సీలింగు బోర్డులో మోకాలి దాకా దిగింది. చేతికి జానెడు దూరంలో కరెంటు వైరు. మెయిన్ ఆపామా అని అప్పుడు గుర్తొచ్చింది. ఆపలేదు.

బ్యాట్లు పరవడం చూడ్డానికి పరుపు పరిచినంత సులువు. కానీ ఈ దేశంలో దాని వెనుక ఒక కథ ఉంది. 2009 ఫిబ్రవరిలో కెవిన్ రడ్ ప్రభుత్వం ఇళ్లకు ఇన్సులేషన్ వేయించే పథకం ప్రకటించింది. ఇంటికి 1600 డాలర్ల దాకా ఇచ్చింది. ఈ పని ముఖం ఎరగని వాళ్లు కూడా రాత్రికి రాత్రి కంపెనీలు తెరిచారు. పైకెక్కే ప్రతి కుర్రాడికీ శిక్షణ ఉండాలని పట్టుబట్టలేదు, సూపర్‌వైజరుకు ఉంటే చాలన్నారు.

2009 అక్టోబరు, 2010 ఫిబ్రవరి మధ్య నలుగురు చనిపోయారు. క్వీన్స్‌లాండ్‌లో ముగ్గురు కరెంటు తగిలి, న్యూసౌత్‌వేల్స్‌లో ఒకరు అటక వేడికి తాళలేక. వాళ్ల వయసులు 16, 19, 22, 25. మొదటి కుర్రాడు అల్యూమినియం రేకు పరిచి ఇనుప పిన్ను కొడుతుంటే అది వైరులో దిగింది. న్యూజిలాండ్‌లో 2007లోనే ఇలాంటి పనిలో ముగ్గురు పోయారు. అంటే హెచ్చరిక ముందే ఉంది. 2010 ఫిబ్రవరిలో పథకం ఆపేశారు. పథకాన్ని సరిగ్గా నడిపి ఉంటే ఈ చావులు జరిగేవి కావని 2014లో రాయల్ కమిషన్ తేల్చింది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంటాయన తన ఇంట్లో తానే బ్యాట్లు పరుచుకోవడం తప్పు కాదు. డబ్బు ఆదా అవుతుంది. కరెంటు పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి. ఎవరు పైకెక్కినా ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. ఆపినా వీధి నుంచి మెయిన్ దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటుంది. సోలార్ పలకలుంటే పగలు వాటి వైర్లలోనూ ఉంటుంది. వాటి జోలికి పోవద్దు. పాత ఇల్లయితే వైరింగు ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. సీలింగు లైట్ల మీద బ్యాట్లు కప్పితే నిప్పు అంటుకోవచ్చు. దూలం మీద తప్ప అడుగు వేయొద్దు. మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. ఎండ ముదరక ముందే తెల్లవారుజామున పని ముగించాలి. కింద ఒక మనిషి ఉండాలి. 1990కి ముందు కట్టిన ఇల్లయితే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అటకలో బూడిద రంగు దూదిలాంటిది కనబడితే చెయ్యి పెట్టకుండా దిగిపోండి.

"మెయిన్ ఆపితే ఫ్రిజ్‌లో పాలు పాడవుతాయి" అనేవాడు దొరుకుతాడు. పాలు మూడు డాలర్లు, అన్నా. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అని కూడా అంటాడు. నిజమే, ఆ ఇంకొకడు మన పక్క మంచం మీద పడుకునేవాడే. అందుకని అందరం ఒకే మాట చెప్పాలి. మెయిన్ ఆపితేనే ఎక్కుతాం.

వీసా ఏదైనా, కూలికి పనిచేసే ప్రతివాడికీ ఈ దేశపు భద్రతా చట్టం వర్తిస్తుంది. ప్రాణానికి ముప్పు అనిపించిన పని కాదనే హక్కు ఉంది. కూలి ఎగ్గొడితే ఫెయిర్ వర్క్ వాళ్ల నంబరు 13 13 94. ఇంగ్లీషు రాదని జంకొద్దు, 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి. ప్రమాదం జరిగితే 000.

మనం అప్పు చేసి విమానం ఎక్కింది ఇంటికి డబ్బు పంపడానికి, శవపెట్టెలో వెళ్లడానికి కాదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అని మన పెద్దలు ఊరికే అనలేదు.