ఇట్లాంటిదే ఇంకోటి

బాన్సువాడలో బీడీలు చుట్టే తల్లుల పక్కన కూర్చుని పిల్లలు డోరెమాన్ చూస్తుంటారు. "అక్కా, ఇట్లాంటిదే ఇంకోటి చెప్పు" అంటారు. ఇట్లాంటిదంటే ఎట్లాంటిది? అందులో షిజుకా స్నానం చేస్తుంటే నోబితా వెళ్ళి పడటం కూడా నవ్వులాటే. ఆ పోలిక నాకొద్దు.

నేను చెప్పేది 1979లో ఇసావో తకహతా తీసిన జపాన్ యానిమే, 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్'. 50 భాగాలు. కెనడాలో ముసలి అన్నాచెల్లెళ్ళు పొలం పనికి మగపిల్లాడు కావాలని కబురంపితే, పొరపాటున అనాథ ఆడపిల్ల వస్తుంది. వెనక్కి పంపేద్దామని మాట్లాడుకోవడం ఆ పిల్ల చెవిన పడుతుంది.

మన బాలికల మీటింగులో మొదటి భాగాలు ఆపి ఆపి, తెలుగులో చెబుతూ చూపిద్దాం. "నేను పుట్టినప్పుడు మా ఇంట్ల గూడ గిట్లనే అన్నరట" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ టీవీ కట్టేసి మాట్లాడదాం.