ఒక్క శుక్రవారమే కదా!

పదో తరగతి తర్వాత నేను తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే ఫస్ట్ టైమ్. తప్పులుంటే సర్దుకోండి. నిజానికి ఈ వ్యాసం కూడా సర్దుకోవడం గురించే.

మొన్న సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లో మేం నలుగురం ఒక టీమ్. డెమో టైమ్ ఫిక్స్ చేసే పని నాది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పెట్టా. బ్యాకెండ్ రాసిన ఫ్రెండ్ మెల్లగా అడిగాడు, "మామా, రెండున్నరకి జరపొచ్చా? జుమా నమాజ్ ఉంది" అని. నేను క్యాలెండర్ కూడా తెరవకుండా "ఒక్క శుక్రవారమే కదా, సర్దుకో రా" అన్నా. వాడు సర్దుకున్నాడు. డెమో బాగానే జరిగింది. బయటికొచ్చాక చూస్తే, రెండున్నరకి కూడా ఆ మీటింగ్ రూమ్ ఖాళీగానే ఉంది.

ఆ సంగతి అక్కడితో మర్చిపోయేవాణ్ణే. కానీ నవంబర్‌లో మా నాన్న అయ్యప్ప మాల వేసుకున్నారు. నాన్న ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. 41 రోజులు నల్లబట్టలు, గడ్డం, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆఫీసులో ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా మేనేజరే "స్వామీ, పూజకి లేటవుతుందేమో, మీరు బయల్దేరండి" అంటారట. నాన్న ఏ ఫారమూ నింపలేదు, ఎవర్నీ బతిమాలలేదు. ఆ మాట వింటుంటే నాకు ఫ్రెండ్ గుర్తొచ్చాడు. నాన్నకి 41 రోజులు అడక్కుండానే దొరికాయి. వాడికి ఒక్క గంట అడిగినా దొరకలేదు. ఇవ్వనిది ఎవరో కాదు, నేనే.

మన ఆఫీసుల్లో దీనికి రూల్ ఉండదు, పై వాళ్ళ మూడ్ ఉంటుంది. మేనేజర్‌కి తెలిసిన ఆచారమైతే "మన సంప్రదాయం", తెలియనిదైతే "నీ పర్సనల్ విషయం". రాజ్యాంగంలోని 25వ అధికరణ మతస్వేచ్ఛ ఇచ్చింది నిజమే. కానీ అది ప్రధానంగా ప్రభుత్వానికి హద్దు గీస్తుంది. ప్రైవేటు కంపెనీలో గంట పర్మిషన్ అనేది చాలావరకు టీమ్ లీడ్ దయ.

2025 రంజాన్‌కి తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందు, 4 గంటలకే ఇంటికెళ్ళొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వెంటనే "మరి హిందువులకో?" అన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్న తప్పు కాదు. కానీ దానికి జవాబు వాళ్ళకీ ఇవ్వమనడం కావాలి గానీ, వీళ్ళది తీసెయ్యమనడం కాదు.

మన సీనియర్లు చాలామంది వెళ్ళే అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం, కంపెనీకి మరీ భారం కానంతవరకు ఉద్యోగి మతాచారానికి వీలు కల్పించాలి. ఆదివారం పార్సిళ్ళు పంచనన్న ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి కేసులో, 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆ "భారం" అంటే చిన్న ఇబ్బంది కాదు, గణనీయమైన ఖర్చు అని తేల్చింది. ఇంకోటి కూడా చెప్పింది: తోటి ఉద్యోగులకి ఆ మతం నచ్చకపోవడం భారం కింద లెక్కకి రాదు. నాకు బాగా నచ్చిన పాయింట్ ఇదే.

అలాగని అడిగిందల్లా ఇవ్వాలని కాదు. వర్క్‌షాప్‌లో వెల్డింగ్ దగ్గర మాలలో ఉన్నా షూ లేకుండా నిలబడనివ్వలేం. అప్పుడు ఆ 41 రోజులు వేరే పని ఇవ్వొచ్చు. అలాగే, ఏ మతమూ లేనివాడి మీదే ప్రతి పండగ షిఫ్టూ వెయ్యడం కూడా అన్యాయమే. ఇవాళ నువ్వు తీసుకున్న గంటకి రేపు నేను తీసుకుంటా, పని మాత్రం పూర్తవ్వాలి. ఈ లెక్క అందరికీ ఒకేలా, ముందే రాసిపెట్టి ఉంటే ఎవరూ ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

ఫ్రెండ్‌కి సారీ చెప్పా. "లైట్ తీస్కో మామా" అన్నాడు. మళ్ళీ సర్దుకున్నాడన్నమాట.

వచ్చే సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ రివ్యూలకి టైమ్ పెట్టేది మనలో చాలామందిమే. డేట్ ఫిక్స్ చేసే ముందు గ్రూప్‌లో "ఈ టైమ్ ఎవరికైనా ఇబ్బందా?" అని ఒక్క మెసేజ్ పెడదామా?