తాళపుచెవి యెవరి చేతిలో?

గోదావరి మధ్య డెల్టా రైతునకు నీటి వంతులను గూర్చి యెవ్వరును బోధింప నక్కరలేదు. కాలువ నిండుగ పారుచున్నను తూము తలుపు లేవనిచో చేనికి చుక్క దిగదు. తలు పెప్పుడు లేవవలెనో పై కచేరీలో నిర్ణయమగును. లస్కరు దాని నమలు జరుపును. నేడు "క్లౌడు" అను పేర నడచుచున్న కంప్యూటరు గిడ్డంగుల పద్ధతియు నిట్టిదే. పేరునకు మబ్బేగాని యది యాకాశమున లేదు. దూరమున నేలపై గట్టిన భవనములలోని యంత్రముల వరుసలవి. మన పత్రములు, లెక్కలు, ఛాయాచిత్రములు వానిలో అద్దెకున్నవి.

ఆ ద్వారమువద్ద రెండు ప్రశ్నలు గలవు. నీ వెవరవు? రహస్యపదమో, ఫోనునకు వచ్చు అంకెలో దీనికి జవాబు. నీ వేమి చేయవచ్చును? దీనికి జవాబు ముందుగా వ్రాసియుంచిన నిబంధనలలో నుండును. చదువుటకు వేరు, దిద్దుటకు వేరు, తుడిచివేయుటకు వేరు అనుమతులు. అమెజానువారి పద్ధతిలో, అనుమతి వ్రాసియుండనిచో తిరస్కారమే. ఒకచోట అనుమతియు, మరియొకచోట నిషేధమును వ్రాసియున్నచో నిషేధమే నెగ్గును. ఎవరే పత్రమును ఎప్పుడు ముట్టిరో చిట్టాకెక్కించు నేర్పాటును గలదు. ఈ కట్టుదిట్టమును మేము నిందింపము. 1984లో ఆ యుద్యోగములు రద్దగువరకు పలు గ్రామముల లెక్కలు కరణముగారి యింటి పెట్టెలోనే యుండెడివి. ఆ దినములు చూచినవారికి చిట్టా విలువ తెలియును.

అయితే నిబంధనలు వ్రాసికొను అద్దెదారునకు పైన భవనపు యజమాని గలడు. అసలు తాళపుచెవి యాతనిది. గుజరాతులో వాడినారువద్ద నూనెశుద్ధి కర్మాగారము నడుపు నయారా ఎనర్జీపై, అందు రష్యా రాస్‌నెఫ్టు కంపెనీకి భాగమున్నందున, 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించినది. అంతట అమెరికాకు చెందిన మైక్రోసాఫ్టువారు తమ సేవలను నిలిపివేసిరి. సొమ్ము చెల్లించియు తన సమాచారమే తన కందకపోయెనని నయారావారు ఢిల్లీ హైకోర్టుకెక్కిరి. ఆ నెలాఖరునకే సేవలు మరల లభించినవి. ఆంక్ష ఐరోపాది, తాళము అమెరికాది, మూతపడినది మన దేశపు కచేరీ! మన చట్టమేదియు నట్లు చేయుమని చెప్పలేదు.

అంత పెద్ద కంపెనీకి హైకోర్టు గలదు. అమలాపురము ప్రక్కనున్న బండారులంక నేతగాని కెవరు గలరు? చీరల ఛాయాచిత్రములు ఫోనులో పంపి గిరాకీ తెచ్చుకొనువాని ఖాతా ఒకనా డుదయమున మూతపడినచో, తెరపై నొక పంక్తి కనబడును. అడుగుటకు మనిషి కనబడడు. మగ్గము తనది, పనితనము తనది, కొనువారి చిట్టా మాత్రము పరుల కొట్టులోనిది. ద్వారము మూయువారు పరదేశులే యనుకొనుటయు పొరపాటే. 2022 మే నెలలో జిల్లా పేరును గూర్చి అమలాపురమున అల్లరులు జరిగినప్పుడు ప్రభుత్వమే కోనసీమలో ఇంటర్నెట్టును నిలిపివేసినది. అల్లరితో సంబంధము లేనివారు సయితము ఆ దినములలో చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చెను.

భూస్వాములును ఈ విషయమున నిశ్చింతగా నుండదగదు. అడంగలు, 1-బి నేడు కంప్యూటరు ద్వారముననే దొరకుచున్నవి. 2025 జనవరి 30వ తేదీన "మన మిత్ర" పేర ప్రభుత్వ సేవలు వాట్సాపులోని కెక్కినవి. అదే సంవత్సరము అక్టోబరులో గూగులువారు విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వ్యయపరచెదమని ప్రకటించిరి. రానిండు, సంతోషమే. కాని భవనము మన నేలపై లేచినంతమాత్రమున తాళపుచెవి మనది కాదు. 2018 నాటి అమెరికా చట్టమును బట్టి, అచ్చటి కంపెనీల యధీనమందలి సమాచారము ఏ దేశమున నున్నను, న్యాయసమ్మతమైన యుత్తరువు వచ్చినపుడు దానిని వారు చూపవలసియుండును.

కావున ప్రభుత్వము భూమి లెక్కలను పరుల గిడ్డంగిలో నుంచదలచినచో, గూఢలిపిలో నుంచి, ఆ లిపి విప్పు తాళపుచెవిని తనవద్దనే యుంచుకొనవలెను. రెండవ ప్రతి వేరొక చోట నుండవలెను. ముందుగా నోటీసు, కారణము, విని తీర్పు చెప్పు నధికారి లేక యే ఖాతానైనను మూయరాదని యొప్పందమున వ్రాయించవలెను. చేనేత సహకార సంఘములు తమ ప్రధాన ఖాతా రహస్యపదమును ఒక్కరి చేతిలో విడువక, కొనువారి చిట్టాకు కాగితముపై నకలు తీసి సంఘపు బీరువాలో నుంచుకొనుట నేడే చేయదగిన పని. దానికి ఏ సర్కారు ఉత్తరువును అక్కరలేదు.