బిలం కనబడింది, చెప్పడానికే పర్మిషన్ లేదు

డైనోసార్లని తుడిచిపెట్టిన గ్రహశకలం మెక్సికోలో పడిందని మనలో చాలామందికి తెలుసు. ఆ బిలం పేరు చిక్సులూబ్. యుకటాన్ ద్వీపకల్పం ఒడ్డున సగం నేల కింద, సగం సముద్రం కింద, 180 కిలోమీటర్ల వెడల్పున పూడిపోయి ఉంది. అయితే అది ముందు తగిలింది డైనోసార్ల మీద పరిశోధన చేసేవాళ్ళకి కాదు, చమురు వెతికేవాళ్ళకి.

మెక్సికో ప్రభుత్వ చమురు కంపెనీ పెమెక్స్ 1950ల మొదట్లోనే అక్కడ బావులు తవ్వింది. చమురు రాలేదు, అగ్నిశిలలాంటి రాయి తగిలింది. పాత అగ్నిపర్వతం కాబోలు అనుకున్నారు. నిజానికది ఢీకొన్న వేడికి కరిగి గడ్డకట్టిన నేల. 1960ల్లో పెమెక్స్ కాంట్రాక్టరు రాబర్ట్ బాల్టాసర్ ఇది ఉల్కాబిలం కావచ్చన్నాడు గానీ, కంపెనీ రూల్సు వల్ల బయటికి చెప్పలేకపోయాడు. ఎన్డీయే అన్నమాట (ఢిల్లీలోది కాదు లెండి, మనం ఉద్యోగంలో చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టేది).

1978లో గ్లెన్ పెన్‌ఫీల్డ్ పెమెక్స్ కోసం చేసిన అయస్కాంత సర్వే చూస్తుంటే సముద్రం అడుగున ఒక పెద్ద వంపు కనబడింది. పాత గ్రావిటీ మ్యాపు తెచ్చి పక్కన పెడితే నేలవైపు ఇంకో వంపు. రెండూ కలిపితే సున్నా. రెండు టేబుళ్ళని జాయిన్ చేశాడు, అంతే! 1981లో పెమెక్స్ ఉద్యోగి ఆంటోనియో కమార్గోతో కలిసి లాస్ ఏంజెలెస్‌లో ఒక సమావేశంలో ఈ సంగతి చెప్పాడు. కానీ అసలు డేటా బయటపెట్టడానికి పెమెక్స్ ఒప్పుకోలేదు. పైగా ఆ వారమే ఇలాంటి బిలాల నిపుణులు చాలామంది యూటాలో వేరే సమావేశంలో ఉన్నారు. ఖర్మ!

1990లో ఒక హూస్టన్ విలేకరి, ఆ బిలం కోసమే తిరుగుతున్న అలన్ హిల్డెబ్రాండ్‌కి పెన్‌ఫీల్డ్ సంగతి చెప్పాడు. దశాబ్దాలుగా న్యూ ఆర్లియన్స్‌లో పడున్న పాత బావుల రాతిముక్కలు తీసి చూస్తే, విపరీతమైన దెబ్బ తగిలితే తప్ప ఏర్పడని గీతలు క్వార్ట్జ్‌లో ఉన్నాయి. 1991లో పేపరు వచ్చింది.

"కంపెనీ డబ్బుతో చేసిన సర్వే, వాళ్ళిష్టం" అంటారా? చమురున్న చోటు దాచుకోండి, కాదనను. కానీ 1950ల్లో ఎండిపోయిన బావి గురించి 1981లో దాచి ఎవరిని కాపాడినట్టు? అసలు విడ్డూరం ఇంకోటుంది. 1976లో దొరికిన పెమెక్స్ బంగారు బాతు, కాంటరెల్ క్షేత్రం. 2004 ప్రాంతంలో రోజుకి 20 లక్షల బ్యారెళ్ళు పైగా ఇచ్చింది. అక్కడ చమురు నిలిచిన చితికిన రాయి ఆ గ్రహశకలం దెబ్బకి కూలిన శిథిలమేనని 2000లో మెక్సికో పరిశోధకులే రాశారు. అంటే బీరువాలో పెట్టి తాళం వేసుకున్నది తమ సొంత చమురు కథనే!

నా మటుకు నాకు రహస్యానికి ఎక్స్‌పైరీ డేటు ఉండాలి. మనం సెషన్‌కి కూడా టైమౌట్ పెడతాం కదా. నార్వేలో బావుల డేటా మామూలుగా రెండేళ్ళకి బయటికొచ్చేస్తుంది, అక్కడ చమురు కంపెనీలేమీ దివాలా తీయలేదు. మన దేశంలోనూ 2017లో నేషనల్ డేటా రిపాజిటరీ మొదలైంది. అందులో చమురు పడని బావుల ఫైళ్ళని ఎవరైనా ఓపిగ్గా తిరగేస్తే బాగుండును.